సైట్ ఓపెన్ అవ్వట్లేదు అంటే అడగాల్సింది ఎవరిని?

2017 ఆగస్టులో అనుకుంటా, వర్షాలు పడుతున్న రోజులు, తాతయ్య పొద్దున్నే టీ తాగి ట్యాబ్ పట్టుకుని కూర్చున్నారు. ఆయనకి అప్పటికి ఎనభై దాటాయి, స్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైర్ అయ్యారు, కళ్ళు సరిగా ఆనవు కాబట్టి అచ్చు పుస్తకం చదవలేరు, అదే ట్యాబ్‌లో అయితే వేళ్ళతో లాగి అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకుంటారు. పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసినవి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వేలల్లో ఉన్నాయని ఆయనకి నేనే చూపించాను, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు ఎక్కడెక్కడి లైబ్రరీల్లోనో స్కాన్ చేయించిన పుస్తకాలు అవి, బయట కొందామన్నా దొరకవు. అప్పటినుంచి ఆయనకి రోజూ పొద్దున అదే పని.

ఆ రోజు పేజీ రాలేదు. రెండు లైన్లు ఇంగ్లీషులో వచ్చాయి, మీరు అడిగిన యూఆర్ఎల్‌ని, అంటే ఆ పేజీ అడ్రస్‌ని, టెలికాం శాఖ ఆదేశాల ప్రకారం బ్లాక్ చేశాం అని. తాతయ్య కళ్ళద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివి, నన్ను పిలిచి "అమ్మాయ్, నేనేమన్నా నొక్కకూడనిది నొక్కానా" అని అడిగారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. గవర్నమెంట్ పేరు చూసేసరికి ఆయన తప్పు చేశానేమో అని భయపడ్డారు. పుస్తకం చదువుకునే పెద్దాయన.

నేను మా నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ముందు రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు, తర్వాత కేబుల్ చూడమన్నారు, మిగతా సైట్లన్నీ వస్తున్నాయండీ ఇది ఒక్కటే రావట్లేదు, ఇదిగో స్క్రీన్ మీద ఇలా రాసుంది అని చదివి వినిపిస్తే "అది గవర్నమెంట్ నుంచి మేడమ్, మా చేతిలో లేదు" అన్నారు. గవర్నమెంట్‌లో ఎవరు, ఏ ఆర్డరు, ఎన్నాళ్ళు అంటే ఆ అమ్మాయి దగ్గర సమాధానం లేదు, పాపం తనకి మాత్రం ఎవరు చెప్తారు. తర్వాత వార్తల్లో వచ్చింది, రెండు హిందీ సినిమాల పైరసీ కాపీలు ఆపడానికి ఒక హైకోర్టు ఇచ్చిన ఆర్డర్లలో దాదాపు 2,600 సైట్ల అడ్రసులు ఉన్నాయని, అందులో ఈ లైబ్రరీ సైట్ కూడా ఒకటని. కొత్త సినిమా కోసం వేసిన లిస్టులో వందేళ్ళ నాటి తెలుగు పుస్తకాలు ఎలా చిక్కుకున్నాయి? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తెలుసుకున్నదంతా ఒకచోట రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నా, ఇదిగో ఇప్పటికి కుదిరింది.

మా పిన్ని కొడుకు ఒకడు చిన్న నెట్ ప్రొవైడర్ దగ్గర పనిచేస్తాడు. ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపిన వాళ్ళే ఇప్పుడు ఫైబర్ ఇస్తున్నారు కదా, అలాంటి ఆఫీసు, నలుగురు కుర్రాళ్ళు, రెండు బైకులు, ఫైబర్ తీగలు అతికించే ఒక స్ప్లైసింగ్ మిషను. వాడిని కూర్చోబెట్టి అడిగాను, ఒరేయ్ మీరెందుకురా సైట్లు ఆపేస్తారు అని. వాడు చెప్పిన మొదటి మాట, "అక్కా, మాకు ఆపాలని ఎందుకుంటది, కస్టమర్ ఎంత వాడితే మాకు అంత మంచిది, ఆపితే తిట్లు మాకేగా."

అది నిజమే. పైగా మన దేశంలో నెట్ కంపెనీ సొంత ఇష్టంతో సైట్ ఆపడానికి వీల్లేదు కూడా. 2018 జులైలో నెట్ న్యూట్రాలిటీ రూల్స్‌ని టెలికాం శాఖ ఒప్పుకుంది, చట్టబద్ధమైన కంటెంట్‌ని ఆపడం, కావాలని స్లో చేయడం, ఒకదానికి ఎక్కువ స్పీడ్ ఇవ్వడం కుదరదు. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి కోర్టు ఆర్డరో గవర్నమెంట్ ఆర్డరో ఉండటం. అంటే మీ స్క్రీన్ మీద సైట్ ఆగిందంటే, టెక్నికల్ ప్రాబ్లం కాకపోతే, దాని వెనక ఎక్కడో ఒక కాగితం ఉండి తీరాలి.

ఆ కాగితం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఐటీ చట్టం సెక్షన్ 69ఎ. ఇది 2008 సవరణలో పెట్టారు, 2009లో దానికి రూల్స్ వచ్చాయి. దేశ సార్వభౌమత్వం, రక్షణ, భద్రత, ఇతర దేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకి రెచ్చగొట్టడం, ఈ కారణాలకి మాత్రమే కేంద్రం బ్లాక్ చేయమనొచ్చు. వేరే కారణాలకి ఈ సెక్షన్ వాడకూడదు. ఐటీ శాఖలో ఒక అధికారి ఉంటాడు, ఆయన అధ్యక్షతన కమిటీ, అందులో న్యాయ శాఖ, హోం శాఖ, సమాచార ప్రసార శాఖ, సైబర్ భద్రత చూసే సెర్ట్‌ఇన్ వాళ్ళు ఉంటారు, అక్కడ ఓకే అయితే టెలికాం శాఖ ద్వారా నెట్ కంపెనీలకి వెళ్తుంది. రాష్ట్రాలు నేరుగా ఆర్డర్ వేయలేవు. 2020 అక్టోబర్‌లో ఆన్‌లైన్ జూదం సైట్లు, యాప్‌లు 132 బ్లాక్ చేయించమని అప్పటి ఏపీ ముఖ్యమంత్రి జగన్ కేంద్ర మంత్రి రవిశంకర్ ప్రసాద్‌కి లెటర్ రాయాల్సి వచ్చింది అందుకే, రాష్ట్రంలో నిషేధం పెట్టుకున్నా సైట్ ఆపే స్విచ్ ఢిల్లీలోనే ఉంది.

రెండోది కోర్టు. ఎక్కువగా సినిమాలు, క్రికెట్ ప్రసారాలు, సాఫ్ట్‌వేర్ కాపీరైట్ కేసులు. ఎవరు కాపీ చేస్తారో ముందే తెలీదు కాబట్టి పేరు లేని ప్రతివాది మీద కేసు వేస్తారు, మన కోర్టుల్లో ఆ పేరు లేని మనిషికి అశోక్ కుమార్ అని పేరు పెట్టుకున్నారు. సినిమా రిలీజ్‌కి రెండు మూడు రోజుల ముందు అశోక్ కుమార్ ఆర్డర్ తెచ్చుకుని, ఆ కాగితం నెట్ కంపెనీలకి పంపిస్తారు.

ఇప్పుడు అసలు విషయం. కాగితం అందుకున్న కంపెనీ లెక్క ఎలా ఉంటదో చూడండి. 69ఎ ఆర్డర్ పాటించకపోతే ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా. ఆపైన లైసెన్స్ షరతులు ఉన్నాయి, టెలికాం శాఖ చెప్పింది చేయకపోతే లైసెన్సే పోవచ్చు. ఒక పేజీ ఆపమంటే మొత్తం సైట్ ఆపేస్తే ఏమవుద్ది? ఏమీ అవ్వదు. ఎవరో మా తాతయ్యలాంటి వాళ్ళు నాలుగు ఫోన్లు చేస్తారు, అంతే. తక్కువ ఆపితే జైలు భయం, ఎక్కువ ఆపితే ఖర్చు సున్నా. ఇలా ఉన్నప్పుడు ఎవరైనా ఎక్కువే ఆపుతారు, అందులో ఆశ్చర్యం ఏముంది. మావాడి ఆఫీసులో లీగల్ డిపార్ట్‌మెంట్ అనేదే లేదు, మెయిల్ వస్తే లిస్టు తీసి అడ్రసులు ఎక్కించి "బ్లాక్ చేశాం" అని రిప్లై పంపుతారు, ఏ సైట్‌లో ఏముందో తెరిచి చూసే టైమూ లేదు, చూసినా ఇది లైబ్రరీ అండీ అని ఎదురు చెప్పే హోదా వాళ్ళకి లేదు. దేశంలో వెయ్యికి పైగా ఇంటర్నెట్ లైసెన్సులు ఉన్నాయి, అందులో ఎక్కువ ఇలాంటి చిన్నవాళ్ళే.

టెక్నికల్‌గా కూడా ఒక చిక్కు ఉంది, ఇది మావాడు చెప్తేనే నాకు అర్థమైంది. సైట్లు ఆపే పద్ధతుల్లో తేలికైనది డీఎన్ఎస్, అంటే మనం సైట్ పేరు కొడితే అది ఎక్కడుందో దారి చెప్పే వ్యవస్థ. మీరు బస్టాండ్‌లో దిగి ఆటో అతన్ని ఫలానా వాళ్ళ ఇల్లు ఎక్కడ అని అడిగారనుకోండి, అతనికి తెలిసినా "ఆ పేరుగల వాళ్ళు ఈ ఊళ్ళో లేరండీ" అంటాడు, లేదా వేరే ఇంటికి తీసుకెళ్ళి దింపుతాడు. ఇల్లు అక్కడే ఉంది, దారి చెప్పేవాడు మాత్రం లేదంటాడు. అందుకే కొంతమంది డీఎన్ఎస్ మార్చుకుంటే, అంటే వేరే ఆటో అతన్ని అడిగితే, సైట్ వచ్చేస్తుంది.

రెండో పద్ధతి, వెళ్ళే ట్రాఫిక్‌ని తొంగి చూడటం. ఒకప్పుడు సైట్లన్నీ హెచ్‌టీటీపీ, కార్డు ముక్క మీద రాసిన ఉత్తరంలాగా ఏ పేజీ అడుగుతున్నామో కూడా కంపెనీకి కనపడేది, కావాలంటే ఆ ఒక్క పేజీ ఆపొచ్చు. ఇప్పుడు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్. లోపలేముందో కనపడదు, మొదట్లో సైట్ పేరు ఒక్కటి కనపడుద్ది, దాన్ని ఎస్ఎన్ఐ అంటారంట. అపార్ట్‌మెంట్ గేట్ దగ్గర సెక్యూరిటీ అతనికి మీరు ఏ బ్లాక్‌కి వెళ్తున్నారో తెలుస్తుంది గానీ ఏ ఫ్లాట్‌కో తెలీదు. ఒక్క ఫ్లాట్‌కి ఎవర్నీ వెళ్ళనివ్వొద్దు అని ఆర్డర్ వస్తే అతను చేయగలిగింది ఏంటి? బ్లాక్ మొత్తం గేటు వేసేయడమే. జియో ఈ ఎస్ఎన్ఐ చూసి ఆపుతోందని 2019లో బెంగళూరు సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు బయటపెట్టారు. వాళ్ళే వేరే కంపెనీల నెట్‌వర్కుల్లో కూడా టెస్ట్ చేస్తే ఒకరు ఆపిన లిస్టుకీ ఇంకొకరు ఆపిన లిస్టుకీ పొంతన లేదు. గవర్నమెంట్ ఆర్డర్ అందరికీ ఒకటే అయినప్పుడు ఒకరి దగ్గర వచ్చే సైట్ ఇంకొకరి దగ్గర రాకపోవడం ఏంటి? వైఫైలో రాని సైట్ ఫోన్ డేటాలో వస్తే మనకి అనుమానం మన రూటర్ మీదకి పోతుంది. ఇంకోటి, చిన్న కంపెనీలు బ్యాండ్‌విడ్త్ పెద్ద కంపెనీల దగ్గర కొనుక్కుంటాయి కదా, పైవాళ్ళు ఆపింది కిందవాళ్ళకీ ఆగిపోతుంది, మావాడి కస్టమర్లకి ఒక్కోసారి వేరే కంపెనీ పేరుతో బ్లాక్ మెసేజ్ వచ్చింది, వీళ్ళు ఎంత వెతికినా వీళ్ళ లిస్టులో ఆ సైట్ లేదు.

ఒక పేజీ కోసం ఊరంతా మూయడం కొత్తేం కాదు. 2003 సెప్టెంబర్‌లో మేఘాలయ నిషేధిత సంస్థకి చెందిన ఒక చిన్న యాహూ గ్రూప్‌ని, అంటే మెయిల్స్‌లో మాట్లాడుకునే గ్రూప్‌ని, ఆపమన్నారు, దాన్ని ఒక్కదాన్నే ఆపడం చేతకాక కంపెనీలు యాహూ గ్రూప్స్ మొత్తం ఆపేశాయి. ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు, ఇక్కడ కాలేజీ స్నేహితులు, సాహిత్యం మాట్లాడుకునే వాళ్ళు అందరూ యాహూ గ్రూపుల్లోనే ఉండేవాళ్ళు. 2006 జులైలో ముంబయి రైళ్ళలో పేలుళ్ళు జరిగిన వారంలోనే ఇరవై లోపు అడ్రసుల లిస్టు వచ్చింది, బ్లాగ్‌స్పాట్ మొత్తం, జియోసిటీస్ మొత్తం ఆగిపోయాయి. తెలుగులో బ్లాగులు అప్పుడప్పుడే మొదలైన కాలం అది, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి లాంటివి చూసుకుంటూ రోజూ కొత్త బ్లాగు దొరికితే పండగ చేసుకునేవాళ్ళం, అదంతా ఒక్కసారిగా తెల్ల పేజీ అయిపోయింది. 2014 డిసెంబర్ చివర్లో ఐసిస్ ప్రచారం ఉందని 32 సైట్లు ఆపారు, అందులో గిట్‌హబ్ ఉంది. హైదరాబాద్‌లో ఎన్ని వేల మంది పొద్దున్న ఆఫీసుకి వెళ్ళగానే తెరిచేది గిట్‌హబ్, ప్రోగ్రాములు రాసుకునే చోటు అది.

మన తెలుగు సినిమాకీ ఇందులో భాగం ఉంది. 2012లో చెన్నైకి చెందిన ఒక యాంటీ పైరసీ సంస్థ తమిళ సినిమా '3' కోసం, తెలుగు 'దమ్ము' కోసం మద్రాస్ హైకోర్టు నుంచి అశోక్ కుమార్ తరహా ఆర్డర్ తెచ్చింది. ఆ మే నెలలో కొన్ని నెట్ కంపెనీలు విమియో, డైలీమోషన్ అనే వీడియో సైట్లు, రాతలు పెట్టుకునే పేస్ట్‌బిన్, మొత్తానికి మొత్తం ఆపేశాయి. విమియోలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్ళు తమ సొంత వీడియోలు పెట్టుకుంటారు, వాళ్ళకీ దమ్ము సినిమాకీ సంబంధం ఏంటి? చివరికి కంపెనీలు కోర్టుకి వెళ్తే జూన్‌లో హైకోర్టు స్పష్టంగా చెప్పింది, సినిమా దొంగ కాపీ ఉన్న ఫలానా యూఆర్ఎల్ మాత్రమే ఆపాలి, సైట్ మొత్తం కాదు, ఆ యూఆర్ఎల్‌లు కూడా సినిమావాళ్ళే చూపించాలి అని. నాకు చాలా నచ్చిన ఆర్డర్ అది. అయితే అది 2012, అప్పటికి హెచ్‌టీటీపీఎస్ ఇంతలా లేదు. ఇప్పుడు ఆ ఒక్క యూఆర్ఎల్ అనేది కంపెనీకి కనపడనే కనపడదు.

పైరసీ ఆపొద్దు అని నేను అనట్లేదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. మా వీధిలోనే ఒకాయన లైట్‌మేన్‌గా చేస్తాడు, సినిమా పోతే ఆయనకి తర్వాత సినిమా రాదు, పొద్దున ఆట పడకముందే ఫోన్లో సినిమా చూసేసే వాళ్ళని నేను సమర్థించను. పిల్లల మీద లైంగిక హింస ఉన్న సైట్లయితే ఒక్క నిమిషం కూడా ఉండకూడదు, 2017లో ఐడబ్ల్యూఎఫ్ అనే బ్రిటన్ సంస్థ లిస్టు ప్రకారం వాటిని ఆపమని కేంద్ర ఐటీ శాఖ కంపెనీలకి చెప్పింది, మంచి పని. కానీ పైరసీ సైట్ల సంగతి మనందరికీ తెలుసు, ఒక అడ్రస్ ఆపితే సాయంత్రానికి ఒక అక్షరం మార్చి ఇంకో అడ్రస్ వస్తుంది. అందుకే 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు డైనమిక్ ఇంజంక్షన్ అని ఒక పద్ధతి తెచ్చింది, ప్రతి కొత్త అడ్రస్‌కీ కొత్త కేసు అక్కర్లేదు, రిజిస్ట్రార్ దగ్గర అప్లికేషన్ పెట్టి లిస్టులో చేర్చుకోవచ్చు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చి, కోర్టుకి కూడా వెళ్ళకుండా కేంద్రంలో నోడల్ ఆఫీసర్‌కి కంప్లయింట్ ఇస్తే 48 గంటల్లో తీయించేలా చేశారు. నిర్మాతలకి ఇది మేలే. నా బాధ ఏంటంటే, లిస్టులోకి ఎక్కించే దారి ఇంత వెడల్పు చేస్తున్నప్పుడు పొరపాటున ఎక్కినవాళ్ళు దిగే దారి కూడా అంతే వెడల్పు ఉండాలి కదా. అది లేదు.

2022 ఫిబ్రవరి నుంచి వీఎల్‌సీ ప్లేయర్ సైట్ మన దేశంలో రాలేదు. ప్రతి ఇంట్లో కంప్యూటర్‌లో ఉండే ఆ నారింజ కోన్ బొమ్మ ప్లేయరే. ఎందుకు ఆపారో తయారుచేసిన వాళ్ళకే చెప్పలేదు, నోటీసు లేదు, వాదన వినలేదు. ఫ్రాన్స్‌లో ఉన్న ఆ సంస్థ ఇక్కడి ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో లీగల్ నోటీసు పంపితే నవంబర్‌లో తీశారు. వాళ్ళకి లాయర్లు ఉన్నారు కాబట్టి అయింది. వరకట్నం మీద వెటకారంగా చేసిన ఒక సైట్‌ని కూడా ఇలాగే ఆపేస్తే, ఆ సైట్ మీద చేసినతని పేరు, వివరాలు అన్నీ ఉన్నా ఒక్క ముక్క చెప్పలేదు, అతను ఢిల్లీ హైకోర్టులో ఏళ్ళ తరబడి పోరాడితే 2022 మేలో, ఆర్డర్ కాపీ ఇవ్వండి, అతని మాట వినండి అని కోర్టు చెప్పింది.

2015 మార్చి 24న ఆన్‌లైన్‌లో పెట్టిన పోస్టులకి జైల్లో వేసే 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసిన తీర్పు అందరికీ గుర్తుంది. అదే తీర్పులో 69ఎని ఉంచారు. ఎందుకు ఉంచారంటే, ఇందులో కారణాలు రాతపూర్వకంగా ఉంటాయి, కావాలంటే కోర్టులో రిట్ పిటిషన్ వేసి సవాల్ చేసుకోవచ్చు అని. కానీ 2009 రూల్స్‌లో 16వ రూల్ ఏం చెప్తుందంటే బ్లాక్ చేయమని వచ్చిన ఫిర్యాదులు, వాటి మీద తీసుకున్న చర్యలు అన్నీ గోప్యంగా ఉంచాలి అని. కాగితం చూపించకుండా, కావాలంటే ఆ కాగితం మీద కోర్టుకి వెళ్ళు అంటే ఎలా వెళ్తారు? ఆర్టీఐ వేసినా ఈ రూలే చూపించి ఇవ్వట్లేదు. 2014లో ఈ సెక్షన్ కింద ఆపినవి 471, 2018కి 2,799, 2020లో 9,849, 2022లో 6,775, ఇవి పార్లమెంటులో గవర్నమెంటే చెప్పిన లెక్కలు, చాలావరకు సోషల్ మీడియా పోస్టులు, అకౌంట్ల లింకులే. ఎన్ని అనేది తెలుసు, అవి ఏంటి అనేది తెలీదు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఆ తెల్ల పేజీ మీద రెండు లైన్ల బదులు ఐదు లైన్లు రాయండి. ఏ కోర్టు లేదా ఏ శాఖ, ఆర్డర్ నంబర్, తేదీ, ఎన్నాళ్ళ దాకా, ఇది తప్పు అనిపిస్తే ఎవరికి రాయాలి. తెలుగులో కూడా రాస్తే ఇంకా సంతోషం. రేషన్ కార్డు రద్దు చేసినా కారణం చెప్పమని ఎమ్మార్వో ఆఫీసులో అడుగుతాం, వీధిలో కరెంటు పోతే ఎన్నింటికి వస్తుందని లైన్‌మేన్‌ని అడుగుతాం, చదువుకునే పుస్తకం ఆపితే అడగకూడదా. ఆ ఐదు లైన్లు ఉండి ఉంటే తాతయ్య తను తప్పు నొక్కానని అనుకునేవారు కాదు.

ఆ సైట్ కొన్ని రోజులకి దానంతట అదే తెరుచుకుంది. తాతయ్య మళ్ళీ మొదలుపెట్టారు, కానీ ఆ తర్వాత నచ్చిన పుస్తకం ఏది కనపడినా "ముందు దింపి పెట్టమ్మా, మళ్ళీ ఉంటుందో ఉండదో" అనడం అలవాటైంది. ఆయన ట్యాబ్‌లో దాదాపు మూడొందల పుస్తకాలు అలా చేరాయి.

మావాడికి ఇదంతా చెప్పాక వాడొక పని చేశాడు. ఆఫీసులో ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, వచ్చిన ప్రతి ఆర్డర్ తేదీ, నంబర్, అందులో ఉన్న అడ్రసులు అందులో రాయడం మొదలుపెట్టాడు. ఫలానా సైట్ రావట్లేదు అని కస్టమర్ ఫోన్ చేస్తే, అది కోర్టు ఆర్డర్ అయితే ఏ కోర్టు, ఏ కేసు నంబరు అని చెప్తున్నాడు, మొన్న ఒకాయన ఆ నంబర్ రాసుకుని థ్యాంక్స్ చెప్పాడంట. టెలికాం శాఖ లిస్టులకి మాత్రం నోట్‌బుక్ వెనక వైపు నుంచి రాస్తున్నాడు, ఆ పేజీల్లో ఉన్నది ఎవరడిగినా చెప్పడానికి వాడికి అనుమతి లేదు.